రేకుల కింద నీటిమర

1999లో నన్ను బెళ్ళందూరు వైపు రాజకాలువల ఆక్రమణల పనికి అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు నీళ్లు తీసుకుపోయే పెద్ద కాలువను అక్కడ రాజకాలువ అంటారు. దాని మీద ఉన్న ఇళ్లను కొలిచి, వయసు కట్టి, కొత్తవైతే కూల్చమని రాయడం మా పని.

ఆ వయసు కట్టే పద్ధతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా ఆఫీసులో పైకప్పు చూసి వయసు వేసేవారు. పెంకులైతే పాతది, సిమెంటు రేకులైతే నిన్నమొన్నటిది. పునాది వంక చూసే తీరిక ఎవరికీ లేదు. బీదవాళ్లు పాత కప్పు కూలితే చవగ్గా దొరికే రేకులే వేసుకుంటారని తెలియని ఇంజనీరు లేడు, అయినా అదే పద్ధతి.

మునిలక్ష్మమ్మ ఇల్లు అలా రేకుల లెక్కన కొత్త ఆక్రమణ అయింది. ఆమె పెద్దావిడ, కూతురితో ఉండేది. గోడకు గుర్తు వేయబోతే, "మా తాత కాలం నుంచి ఈడనే ఉండాది అప్పా ఈ ఇల్లు. కాలువ మీద మేం కట్టింది కాదు" అంది.

లోపలికి వెళ్లి చూశాను. వంటగది గోడ అడుగున మట్టితో పూడ్చిన రాతి కమాను. దాని రెండు పక్కలా ఎదురెదురుగా గుండ్రటి గుంటలు, ఇరుసు తిరిగి తిరిగి నున్నబడ్డాయి. గుమ్మం ముందు మెట్టుగా వేసిన రాయిని తిప్పిస్తే అడుగున తిరగలి గాట్లు. తూము నీళ్లు చక్రం మీద పడి రాగులు విసిరిన నీటిమర అది. కాలువ నీళ్ల కోసమే కట్టిన కట్టడం కాలువను ఆక్రమించడమేమిటి? ఆ మాటే నివేదికలో రాశాను.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు స్వయంగా వచ్చి చూశారు. అది పాత నీటిమరేనని ఒప్పుకున్నారు, నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆపైన, చెరువూ తూమూ సర్కారువి కాబట్టి నీటిమర కూడా సర్కారుదేనని, అందులో ఉంటున్నావిడకు హక్కేమీ లేదని తేల్చారు. రేకులు చూసినప్పుడూ ఆమె ఆక్రమణదారే, రాళ్లు చూశాకా ఆక్రమణదారే. మర నడిపినవాళ్ల మనవరాలు ఆమేనని ఊరివాళ్లు చెప్పారు, ఆయన చెవిన పెట్టలేదు. ఆ సంగతి నేను మళ్లీ రాస్తే, కట్టడం వయసు రాయడం వరకే నా పనన్నారు. దిగువన అదే కాలువను ప్రహరీలో కలుపుకుని లేచిన అపార్ట్‌మెంటు వైపు మాత్రం ఎవరూ కొలత చైను పట్టుకుని పోలేదు.

సామాను బయట పెట్టుకుంటూ మునిలక్ష్మమ్మ అడిగింది: "పాతదని నువ్వే కదప్పా కనిపెట్టింది. మరి మేమెందుకు పోవాల?"

పాతదని ఒప్పుకున్న ఆ కమానును కూడా జేసీబీ ఉంచలేదు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదీ: కట్టడం పాతదని నిరూపించే ముందు, అందులో ఉన్నవాళ్ల హక్కు నిలబెట్టాలి. లేకపోతే మన రుజువుతోనే వాళ్లను బయటికి పంపుతారు.