స్పీకర్లలో మోత

స్పీకర్లమ్మిన షాపువాడి చెవిని వాటికి ఆనించి, "గుయ్యిమంటోందా లేదా, చెప్పు!" అని డెస్మండ్ గొడవపడి నెగ్గడం పొరుగింటి మేవిస్ కళ్లారా చూసింది. షాపువాడు కొత్తవి ఇచ్చినా ఇంట్లో మోత పోలేదు. ఆస్ట్రేలియాలోని జిలాంగ్‌లో ఆ వారమంతా, ఒక్కో ప్లగ్గూ పీకి, తల పక్కకు వాల్చి వినడమే అతని పని. ఫ్రిజ్ పీకాడు, చేపలతొట్టి పీకాడు. చివరికి, మేవిస్ చూడ్డానికి వచ్చి ఉండగానే, భార్య గ్లెనిస్‌కు ఊపిరందించే ఆక్సిజన్ మిషన్ పీకాడు. మోత ఆగింది. ఆమె పెదాలు నీలం తిరుగుతుంటే అతను కళ్లు మూసుకుని నవ్వాడు.

"ఎంత హాయిగా ఉందో విన్నావా, మేవిస్?"

"చెవులే ఉన్నాయి గానీ కళ్లు లేవా నీకు!" అంటూ మేవిస్ పరుగెత్తి ప్లగ్గు పెట్టింది. మోత మళ్లీ మొదలైంది. డెస్మండ్ మొహం ముడుచుకున్నాడు.

"శనివారం ఫుట్‌బాల్ ఫైనలు. అది అయ్యేదాకా ఈ మిషన్ మీ ఇంట్లో పెట్టుకో."

"మరి గ్లెనిస్?"

"ఆమెనూ తీసుకుపో. మిషన్ ఆపినా దగ్గు వినబడింది."