దాహం వెయ్యని మనిషి

మా ఆఫీసులో పనిచేసే ఒకాయన, ఎడారి దారిలో సైకిల్ ఇసుకలో కూరుకుపోయినప్పుడల్లా ఠక్కున దిగి, "ఇసుకతో పంతమేంటి గురువుగారూ, నడిచేద్దాం రండి" అనేవాడు. నేను దిగితేనా! ఒకరోజు అలా తొక్కుతూ పడీ లేచీ, అరిజోనా ఇసుకలో సగం నా పళ్ల మధ్యకే చేరింది. పైగా బయల్దేరగానే మహావీరుడిలా నీళ్లు నెత్తిన గుమ్మరించుకున్నాను. కారు పెట్టిన చోటికి ఇంకా ఐదు మైళ్లుందనగా నా సీసాలు ఎండిపోయాయి, నాలుక చెప్పు అట్టయింది.

ఆయన తన ఆఖరి సీసా అందించాడు. అల్లం వేసిన మజ్జిగ!

"మరి మీకు?"

"నాకసలు దాహమే వెయ్యదండీ. తాగెయ్యండి."

ఒంటెల వంశం కాబోలని నమ్మేసి, చుక్క మిగల్చకుండా తాగేశాను.

కారు దగ్గరికి చేరగానే ఆయన అందులోని గ్యాలన్ నీళ్ల డబ్బా ఎత్తి, ఊపిరి తీసుకోకుండా సగం ఖాళీ చేశాడు.

"దాహం వెయ్యదన్నారుగా?"

మూతి తుడుచుకున్నాడు. "ఇప్పుడే వేసిందండీ."