సున్నం గీసిన బజారు

మా టిఫిన్ బండి ఈ హిందీ ఊరి రైల్వే కాలనీ బజారులో గోడవారన ఉండేది. అది అమ్మ పెట్టిన బండి. అమ్మ పోయాక నేను అందుకున్నాను. గతౌరా నుంచి పొద్దుటి పాసింజర్‌లో దిగే కూలీలు, బోద్రీ కోర్టుకు పరుగెత్తే గుమాస్తాలు నా ఇడ్లీలు తినే వెళ్ళేవారు. నాన్న రైలింజన్ల షెడ్‌లో కాంట్రాక్టరు కింద పనిచేసిన మనిషి. పింఛను లేదు. ఆయనకూ నాకూ తిండి, నా కూతురి కాలేజీ, అన్నీ ఆ బండి మీదే.

బజారును బాగుచేస్తారని ఆటోకు మైకు కట్టి చెప్పారు. బళ్ళు తీసేసి పక్కా దుకాణాలు కడతారట. ఇప్పటికే అక్కడ వ్యాపారం చేసుకుంటున్నవాళ్ళకే అవి ఇస్తారట. ముందుగా ఆఫీసర్లు వచ్చి ఫోటోలు తీసుకుంటారట. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. వానలో టార్పాలిన్ పట్టుకు నిలబడే బతుకు ఇక తీరిందనుకున్నాను.

మా కాలనీలో ఆఫీసరు వస్తున్నాడంటే అందరికీ ఒకటే అర్థం. విరిగిన బల్ల నుంచి చీపురు దాకా అన్నీ కంటికి కనిపించకుండా దాచేయాలి, అంచుల వెంట సున్నం గీయాలి. షెడ్‌లో తనిఖీ వచ్చినప్పుడల్లా ఆ సున్నం పని నాన్నదే.

“సాబ్ కంటికి ఒక్క పుల్ల అవుపడకూడదమ్మా. శుబ్బరంగా ఉన్నోళ్ళకే ఇత్తారు,” అన్నాడు.

పూలమ్మే పిన్నితో సహా మా వరసలోని తెలుగువాళ్ళంతా తలూపారు. నేనూ ఊపాను. వేరేగా ఆలోచించాలని ఒక్కరికైనా తోస్తేనా.

ఆ రోజు పొద్దున్నే బళ్ళన్నీ తోసుకెళ్ళి వెనక సందులో దాచాం. నేల కడిగాం. నాన్న దారం పట్టి మరీ గీతలు వేశాడు. తఖత్‌పూర్ నుంచి వచ్చే సమోసాల అతను మాత్రం మసి, చెత్త, ఈగలతో సహా తన పొయ్యి దగ్గరే కూర్చున్నాడు. వీడివల్ల అందరి పరువూ పోతుందని నాన్న గొణిగాడు. ఆఫీసర్లు వచ్చారు. మేం ఉతికిన చీరలు కట్టుకుని, ఎదురుగా రోడ్డవతల నిలబడి నమస్కారాలు పెట్టాం. ఒకాయన తిరిగి నమస్కరించాడు కూడా.

సమోసాల అతనికి దుకాణం వచ్చింది. మా వరసలో ఒక్కరికీ రాలేదు.

గోడవారన రేకుల కంచె కట్టారు. బండి ఇప్పుడు మా గది ముందు, మనిషి తిరగని సందులో ఉంది. రుబ్బిన పిండి పులిసిపోతోంది. కూతురు కాలేజీ మానేసి ఏదైనా షాపులో చేరతానంటోంది. వద్దనడానికి నా దగ్గర ధైర్యం లేదు. రాత్రనక పగలనక భయమే.

చివరికి ఆ దుకాణాలిచ్చే ఆఫీసుకు వెళ్ళాను. కుర్చీలో ఉన్న అబ్బాయి మర్యాదస్తుడే. కంప్యూటర్ నా వైపు తిప్పి ఫోటో చూపించాడు. తడి నేల, తిన్నని తెల్లగీతలు. మా నాన్న గీతలు ఎక్కడ చూసినా గుర్తుపడతాను. ఇక్కడెవరూ వ్యాపారం చేయడం లేదు కదా దీదీ, అన్నాడు హిందీలో. ఆ గీతలు వేసింది మేమేనని, మీరొస్తున్నారనే అంతా ఖాళీ చేశామని చెప్పాను. నా గొంతు నాకే బిచ్చమడుగుతున్నట్టు వినిపించింది. అతను నమ్మాడు. నమ్మకపోయినా బాగుండేది, కనీసం పోట్లాడేదాన్ని. ఫోటోలో లేనివాళ్ళకు తానేమీ చేయలేనని తల దించుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

“ఏటన్నాడమ్మా సాబ్?”

నిజం నోటిదాకా వచ్చింది. ఆయన గోళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి ఇంకిన సున్నం తెల్లగా కనబడింది.

“శుబ్బరంగా ఉందన్నారు నాన్నా. గీతలు బాగున్నాయన్నారు.”

ఆయన ముఖం వెలిగిపోయింది.

“అయితే మల్లీ వత్తారు. ఈపాలి ఆ సమోసాలోడ్ని కూడా లేపీద్దాం.”

ఆ సాయంత్రమే బకెట్టులో సున్నం నానబోశాడు.