అన్న హార్మోనియం, నా బఫర్

మాదాపూర్‌లో నా ఉద్యోగం, కంప్యూటర్‌లోంచి వాయిద్యాల శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్ రాయడం. బోరబండలో మా అన్న శనివారం భజనకు హార్మోనియం వాయించేవాడు. వణుకుడు జబ్బు వచ్చాక తిత్తి ఆడించడానికి ఎడమచేయి సహకరించలేదు. కుడిచేయి మాత్రం బాగానే ఉందని అన్న నమ్మకం. ఆ ఒక్క ఆశతోనే మంచం దిగేవాడు.

తిత్తి అక్కర్లేని హార్మోనియం నేనే చేసిపెడతానన్నాను. నా పాత లాప్‌టాప్‌కి హార్మోనియంలాంటి మీటల కీబోర్డు, స్పీకరు తగిలించి అన్న ముందు పెట్టాను. అన్న మీట నొక్కాడు. స్వరం కాస్త ఆగి వచ్చింది.

"ఏంది చెల్లె, గిట్ల లేటొస్తున్నది?"

"బఫర్ అన్నా, శబ్దం పోగయ్యే జాగ. బిందె నిండినంకనే కుమ్మరించినట్టు. బిందె పెద్దగుంటే లేటైతది, చిన్నగ పెడితే ఈ పాత లాప్‌టాప్ అందుకోలేక శబ్దం టపటప తెగిపోతది."

"అట్లనా! నా వేళ్ళే మొద్దుబారినయేమోనని పరేషానైన," అని నవ్వాడు. చాలా రోజులకు వదిన కూడా నవ్వింది.

శనివారం గుడిలో పాట ముందుకు పోతుంటే స్వరం వెనకబడేది. "మా చెల్లె మిషన్‌ది తప్పు, జర ఓపిక పట్టుండ్రి," అనేవాడు అన్న, దర్జాగా. ఓసారి డోలక్ వాయించే పెద్దాయన, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ కథ," అని ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నొక్కగానే పలికించడమే కదా నా బతుకుదెరువు! కొత్త లాప్‌టాప్ కొన్నాను. కోడ్ తిరగరాసి, బిందెను చెంబు చేశాను.

అన్న ఇంట్లో పెట్టి వాయించమన్నాను. వదిన చిడతలు అందుకుంది. స్వరం ఎప్పటిలాగే వెనకబడింది. మళ్ళీ వాయించాడు, మళ్ళీ అంతే. కంగారుగా నేను మీట నొక్కాను. వెంటనే పలికింది.

అన్న నా వేలిని చూశాడు, తరువాత తన వేళ్ళను చూసుకున్నాడు. వదిన చిడతలు ఆపేసింది. ఎందుకు బాగుచేశానురా దేవుడా అనిపించింది.

"మస్తు చేసినవ్ చెల్లె," అన్నాడు. "శనివారం మాత్రం ఆ పాతదే తీస్కరా."

తీసుకెళ్ళాను. బఫర్ పెద్దగానే ఉంచాను. స్వరం వెనకబడగానే, "మా చెల్లె మిషన్‌ది తప్పు," అన్నాడు అన్న, నా వైపు చూడకుండా.

"అవును, తప్పు నాదే," అన్నాను, డోలక్ పెద్దాయనకు కూడా వినబడేలా.