జవాబు పాటగాడు

నన్ను స్టార్ అంటారు. నవ్వకండి, పోస్టర్ మీద అలాగే వేశారు. మలేసియాలో మా తెలుక్ ఇంటాన్ ఊరి చుట్టుపక్కల ఎక్కడ తెలుగు పెళ్లి జరిగినా ముందు నా మెరుపుల చొక్కా, నల్ల కళ్లజోడు దిగుతాయి. గొంతు తర్వాత వస్తుంది.

పుట్టింది మాత్రం పామాయిల్ ఎస్టేటులో, వాన పడితే లోపలా బయటా ఒకేలా తడిసే కూలీల లైను ఇంట్లో. అమ్మ చెట్ల కింద రాలిన పళ్లు ఏరేది. బడి లేని రోజుల్లో నేనూ వెంట పోయేవాణ్ణి. ఆ తోటలో పక్క వరసలో ఉన్న మనిషి కూడా కనబడడు. అందుకని అమ్మ ఒక ముక్క పాడితే, మిగతావాళ్లు ఎక్కడున్నవాళ్లు అక్కడినుంచే జవాబు పాడాలి. ఎవరి గొంతయినా వినబడకపోతే, పాము కరిచిందేమోనని పని ఆపి వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు.

నా సంగీత విద్య మొత్తం ఆ జవాబులే. పెద్దయ్యాక "ఇక్కడే ఉన్నాను, ఇదిగో ఉన్నాను" అన్న ముక్కకు కీబోర్డు, డ్రమ్ములు తగిలించి ఫోన్లలో వదిలితే జనం ఊగిపోయారు. కుర్రకారుకు తెలుగు అంతంత మాత్రం. నాకూ అంతే అనుకోండి. పాటలో మొదటి సగం లేదని ఎవరికీ అనుమానం రాలేదు, నాతో సహా.

అమ్మ ఒక్క కచేరీకీ రాలేదు. ఊరంతా మెచ్చుకుంటున్నా ఆవిడ ఒక్క మంచి మాట అనకపోవడం నన్ను లోలోపల తినేసేది. చివరికి బతిమాలి బతిమాలి, ఉగాది కార్యక్రమానికి తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాను.

చేతులు రెండూ చాచి పాట ఎత్తుకున్నాను. "ఇక్కడే ఉన్నాను..." రెండోసారి అనబోతుంటే అమ్మ లేచి నిలబడింది.

"ఆగరా! ఎవులు పిలిసినారని పలుకుతన్నావు?"

హాలు గొల్లుమంది. కీబోర్డు ఆగిపోయింది. నాకు ఎటు పారిపోవాలో తెలియలేదు.

"అమ్మా, కూకో లా," అన్నాను మలాయి వాళ్ల 'లా' తగిలించి, అదీ మైకులోనే.

ఆవిడ కూర్చోలేదు. కొంగు బిగించి, తోటలో అవతలి వరసకు వినబడేటంత గట్టిగా పాడింది. "పొద్దు నడినెత్తికొచ్చె, ఏడున్నావు కొడకా?"

నేను నల్ల కళ్లజోడు తీసి ఆవిడ వంక చూశాను. జవాబు రాకపోయేసరికి ఆమె మొహం మారిపోయింది. మెడ సాచి, నిజంగానే నన్ను వెతుకుతున్నట్టు స్టేజీ అంతా చూసింది.

"ఇక్కడే ఉన్నానమ్మా," అన్నాను. పాడటం నా వల్ల కాలేదు.

అమ్మ అప్పుడు కూర్చుంది.