చంద్రుడు అందని కెమెరా

వనపర్తిలో ఫోటోలు తీసే తిరుపతయ్య నిలకడలేని మనిషి. గిరాకీ లేకపోతే ఉన్న కెమెరానే విప్పి మళ్లీ బిగించేవాడు. యుద్ధం వచ్చి ఫోటో పలకలు దొరకడం కష్టమయ్యాక ఆ తహతహ ఇంకా పెరిగింది. అప్పుడే కురుమూర్తి సారు చుక్కలు చూసే దుర్బీను మీద ఆయన కన్ను పడింది.

కురుమూర్తి బడి పంతులు, కొలువు మానేసి ఇంటిపట్టున ఉంటున్నాడు. ఆయన దుర్బీను పొడవాటి రేకు గొట్టం. అడుగున గుంత అద్దం, పైకొసన పక్కకు పొడుచుకొచ్చిన చూపుగొట్టం. ఒక సాయంత్రం అందులో అరచంద్రుడి గుంతలు చూసినప్పటి నుంచి తిరుపతయ్యకు అన్నం సయించలేదు.

"చూసింది చూసినట్టే పోతది సారూ. ఒక్క ఫోటో తీస్త."

కెమెరా కటకం, చూపుగొట్టంలో కన్నుపెట్టే కటకం రెండూ ఊడదీసి, ఉత్త పెట్టెను చూపుగొట్టానికి ఆనించాడు. పెట్టె వెనక బొమ్మ చూసుకునే గరుకు అద్దం మీద తెల్లటి మసక తప్ప ఏమీ పడలేదు. బయటికి లాగితే మసక పెరిగింది. లోపలికి నెడితే తగ్గింది కానీ, పెట్టె గొట్టానికి తట్టుకుని ఆగిపోయింది. కెమెరా పక్కనపెట్టి, పల్చటి కాగితం ముక్కను గొట్టంలోకి దించాడు. వేలెడు లోతున దాని మీద చంద్రుడు స్పష్టంగా నిలిచాడు.

ఇంటికొచ్చినా కాలు నిలవలేదు. భార్య నాగేంద్రమ్మ విసుక్కుంది. "ఏంది పరేషాను? జర కూసోరాదు?"

"చంద్రుడు గొట్టంల్నే ఆగిపోతుండు. కెమెరా ఆడిదాంక పోతలేదు."

తెల్లవారగానే సారు ఇంటికి పోయాడు.

"అడుగు అద్దాన్ని వేలెడు పైకి జరిపితే బొమ్మ గంత బయటికొస్తది సారూ. గొట్టానికి కొత్త తూట్లు పొడవాలె."

"నా దుర్బీనుకా? అద్దం పగిలితే?"

"పగిలితే మల్ల తేలేను."

సారు గొట్టాన్ని నిమిరాడు. చివరకు అద్దాన్ని తానే విప్పి, ధోవతి మడతలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు.

"తూట్లు పొడువు. గిది నా ఒళ్లనే ఉంటది."

కొత్త తూట్లకు అద్దం బిగించాక, సాయంత్రం వెలుగుండగానే గరుకు అద్దం మీద శనగగింజంత చంద్రుడు నిలిచాడు, గుంతలతో సహా. తిరుపతయ్య దాని చోట పలక పెట్టి, అడ్డున్న నల్ల అట్టను తీసి, వెంటనే మూశాడు. కెమెరా తీసి చూపుగొట్టం కటకం మళ్లీ పెట్టాక సారు ఆత్రంగా కన్ను పెట్టాడు.

"నాకేం కనిపిస్తలేదు! ఖరాబు చేసినవ్!"

"బొమ్మ బయటికి జరిగింది గద సారూ. కన్ను గూడ గంత వెనక్కుండాలె."

రేకు ముక్కను చుట్టి చూపుగొట్టానికి అతుకు వేశాడు. చంద్రుడు మళ్లీ కనబడ్డాక గానీ సారు ఊపిరి పీల్చుకోలేదు.

మర్నాడు తిరుపతయ్య కడిగిన పలకను ఆరకముందే పట్టుకొచ్చాడు. సారు కిటికీకి ఎదురుగా పెట్టి చూశాడు.

"నల్లగున్నడేంది?"

"పలక మీద తెలుపు నలుపు ఉల్టా పడతది సారూ. కాయితం మీద తెల్లగొస్తడు."

సారు కళ్లు తిప్పుకోలేదు. తిరుపతయ్య అప్పటికే గడప దగ్గరున్నాడు.

"సారూ, శని ఏ నెలల కనిపిస్తడు?"