గీకేసిన మచ్చ

మా ఆయన పాత నలుపు తెలుపు ఫొటోలకు రంగులు వేస్తాడు. వీధి వైపు గదే ఆయన దుకాణం. కిటికీ కింద బల్ల, దాని మీద రంగు సీసాలు, దూది చుట్టిన పుల్లలు, ఫొటోలో నల్లగా ఉన్నచోట గీకి తెల్లగా చెయ్యడానికి ఒక బ్లేడు. అందం సంగతి కదిపితే చాలు, ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండదు. "చూసేవాడి కన్ను మొహం మీద ఎక్కడా తట్టుకోకూడదు, అలా జారిపోతూ ఉండాలి. అదేనండీ అందమంటే!" అని వచ్చిన ప్రతివాళ్లకీ పాఠం చెబుతాడు. మా పెళ్లి ఫొటోలో నాకు పూసిన గులాబీ రంగు చూసి మా చెల్లెలు, "బావా, మా అక్కేది? పక్కింటావిడతో దిగారేంటి?" అంది. అది పొగడ్త అనుకుని మురిసిపోయాడు మహానుభావుడు!

వీధి చివర టైలరు బాబాయ్ ఒకరోజు పొద్దున్నే భార్య ఫొటో తెచ్చాడు. మేమీ వీధికి రాకముందే ఆవిడ పోయింది. "ఉన్నది ఇదొక్కటే. జాగ్రత్త నాయనా," అని రెండు చేతులతో అందించాడు. ఆవిడ ఎడమ బుగ్గ మీద చొక్కా బొత్తామంత పుట్టుమచ్చ ఉంది.

నేను వంటింట్లో పని చూసుకుని వచ్చేసరికి మచ్చ లేదు. మా ఆయన బ్లేడుతో గీకేసి పైన రంగు అద్దేశాడు.

"అయ్యయ్యో! ఆయన్ని అడిగారా?"

"అడిగేదేముందే? ఇప్పుడు చూడు, పిన్ని ఎంత బావుందో!"

నిజం చెప్పొద్దూ, బావుంది. అందుకే నోరు మూసుకున్నాను.

సాయంత్రం బాబాయ్ వచ్చి ఫొటోని వెలుగు వైపు తిప్పి చాలాసేపు చూశాడు.

"మచ్చేదబ్బాయ్?"

"తీసేశాను బాబాయ్. చూపు అక్కడే ఆగిపోతోంది."

"నా చూపూ అక్కడే ఆగేది," అన్నాడు మెల్లగా. కేకలేసినా బాగుండేది.

"మళ్లీ పెట్టేస్తాను బాబాయ్. ఎక్కడో చెప్పు చాలు," అంటూ మా ఆయన గబగబా పుల్లని ముదురు రంగులో ముంచాడు.

మనిషిని చూడగానే భుజం కొలత చెప్పేసే బాబాయ్, ఫొటోలో బుగ్గ మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ. కాదు కాదు, ఇంకాస్త చెవి వైపు. ఉండు... నవ్వితే పైకి జరిగేది. మరి ఇందులో నవ్వట్లేదుగా?" వేలు తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ తీశాడు. "అమ్మాయ్, నువ్వు చూశావుగా, ఎక్కడుంది?"

చూశాను. మచ్చ ఎంతుందో చూశానుగానీ, ఎక్కడుందో ఎవరు గుర్తుపెట్టుకున్నారు? తల అడ్డంగా ఊపాను. మా ఆయన పుల్ల పట్టుకుని అలాగే వంగి ఉన్నాడు.

బాబాయ్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కాసేపటికి తెరిచాడు.

"పొద్దుటిదాకా నాకు తెలుసమ్మా," అన్నాడు ఫొటో చూపిస్తూ. "ఇప్పుడు కళ్లు మూసుకున్నా ఈవిడే కనిపిస్తోంది."